గాజు బట్టీ పెద్దక్క

ఆ వీధి చివర గాజు బట్టీ మండినన్నాళ్లూ అక్కడివాళ్లకు నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. పగలూ రాత్రీ తేడా లేకుండా అది హోరుమంటూనే ఉండేది. పక్క మేడ మీద కాపురముండే టైలరు ఆ హోరు భరించలేక ఎక్కని గడప లేదు, మొర పెట్టుకోని మనిషి లేడు. అలాంటివాడు, బట్టీ చల్లారిపోయిన కొన్నాళ్లకు తనే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి, నిద్ర పట్టి చావడం లేదమ్మా, ఏదో ఒకటి చేసి ఆ మోత మళ్లీ మొదలుపెట్టించు అన్నాడు. పెద్దక్క నవ్వబోయింది గాని నవ్వు పెదాల దాకా రాలేదు. ఆమెకూ సరిగ్గా నిద్ర పట్టి చాలా రోజులైంది.

వరస ప్రకారమైతే ఆమెను తమ్ముడొక్కడే అక్కా అని పిలవాలి. కాని ఆ షెడ్డులో ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా పెద్దక్కా అనే అనేవాళ్లు. ఊదేవాళ్లు, ఇసుక కలిపేవాళ్లు, నిప్పు చూసేవాళ్లు, తయారైన సామాను గడ్డిలో సర్దేవాళ్లు, అందరికీ ఆమె పెద్దక్కే. బట్టీ కట్టించింది వాళ్ల నాన్న. ఆయన మంచం పట్టినప్పుడు పనివాళ్లందర్నీ పిలిపించుకుని, నా తర్వాత ఈ కుర్చీలో అమ్మాయిని కూర్చోబెట్టండి అన్నాడు. కొడుకు ఎదురుగా నిలబడి ఉండగానే ఆ మాట అనేసరికి అందరూ నోరెళ్లబెట్టారు, కొడుకు తప్ప. తమ్ముడు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నన్ను గాజు ఊదే గొట్టం దగ్గర వదిలేస్తే చాలు, మనుషులతో వేగడం నావల్ల కాదు అని తేల్చేశాడు.

తమ్ముడి సంగతి అలాంటిది. ఇనప గొట్టం చివర కరిగిన గాజు ముద్ద ఎత్తుకుని, నోటికి ఆనించి, కళ్లు సగం మూసి ఊదితే గుమ్మడికాయంత బుడ్డి ఒక్క ఊపిరితో లేచేది. ఎక్కడా మందం తేడా ఉండేది కాదు. వాడు నిట్టూరిస్తే ఇంటి కిటికీ అద్దాలు ఉబ్బుతాయని పనివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. వాడికి పెట్టిన పేరు పెద్దఊపిరి. నిప్పు రంగు చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పగలిగేవాడు. ఎదుటి మనిషి మొహం చూసి మాత్రం ఏమీ చెప్పలేకపోయేవాడు. ఆ పని అక్కది. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరికీ ఎవరికీ మాటల్లేవో, ఏ పని ఒప్పుకుంటే ఎవరికి అన్నం దొరుకుతుందో ఆమెకు తెలుసు. మధ్యాహ్నం పని ఆపాక తమ్ముడు మొహమంతా కందిపోయి వచ్చి, ఆమె బల్ల పక్కన కూర్చుని, కూజాలో నీళ్లన్నీ గటగటా తాగేసి, ఒక్క మాటా మాట్లాడకుండా కాసేపు అలా ఉండిపోయేవాడు. ఆమె తన పని తను చేసుకునేది. రోజు మొత్తంలో ఇద్దరికీ ఇష్టమైన వేళ అదే. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

అలా సాగిపోతుండగా కొత్త రైల్వే స్టేషన్‌కి దీపపు బుడ్లు చేసే పని వచ్చింది. పెద్ద హాలు పైకప్పు నుంచి వేలాడే గుండ్రటి తెల్ల బుడ్లు. అంత పెద్దవి ఊదగలిగింది ఆ చుట్టుపక్కల తమ్ముడొక్కడే. ఊరికి వచ్చే ప్రతి మనిషీ మొదట తలెత్తి చూసేది మా బుడ్లనే కదా అని పెద్దక్క పొంగిపోయింది. ఒప్పేసుకుంది. స్టేషన్ తెరిచే రోజు కూడా ఖాయమైపోయింది.

పని సగంలో ఉండగా తమ్ముడు వచ్చి బట్టీ ఆపాలన్నాడు. బట్టీకి కప్పుగా వంచి కట్టిన పైకమాను ఇటుకలు అరిగిపోయాయని, వెనక గోడ కూడా తనకు నచ్చడం లేదని, చల్లార్చి బాగుచేసుకుని మళ్లీ రాజేద్దామని చెప్పాడు. అంటే నెల పైచిలుకు పని పోతుంది. బుడ్లు అందవు. ఈ ఒక్కటీ అయిపోనీరా, మర్నాడే ఆపుదాం అంది పెద్దక్క. తమ్ముడు మళ్లీ చెప్పాడు. ఆమె మళ్లీ అదే అంది. మూడోసారి అందరూ ఉండగా షెడ్డు మధ్యలో చెప్పాడు. అప్పుడు ఆమెకు రోషం వచ్చింది.

"నిప్పు సంగతి నువ్వు చూసుకో. ఎప్పుడు ఆపాలో నేను చూసుకుంటాను. నాన్న ఈ కుర్చీ నాకిచ్చాడు."

తమ్ముడు ఆమె మొహంలోకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి, గొట్టం అందుకున్నాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆమె బల్ల దగ్గరికి రావడం మానేశాడు. నీళ్లు బయట కుళాయి దగ్గర తాగేవాడు.

బట్టీ వెనక గోడ ఒక ఉదయం పని మంచి ఊపులో ఉన్నప్పుడు పోయింది. ముందుగా చూసింది గడ్డి పిన్ని. సామాను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దే మనిషి కాబట్టి ఆమెకు ఆ పేరు. ఇటుకల సందుల్లో సన్నటి ఎర్రగీత కనిపించింది. ఏమిటా అని ఆమె మెడ చాచి చూసేలోపే గీత చీలికైంది, చీలిక నోరు తెరిచింది. కరిగిన గాజు ముదురు పాకంలా, తొందర లేకుండా, నేల మీదికి పాకుతూ వచ్చింది. దాని దారిలో ఉన్న చెక్క అచ్చులు, బల్లలు, బుట్టలు ఒకదాని తర్వాత ఒకటి భగ్గుమన్నాయి. అందరూ బయటికి ఉరికారు. నిప్పు చూసే ముసలాయన ఒక్కడు మాత్రం బర్నర్లు కట్టేస్తూ లోపలే ఉండిపోయాడు. తమ్ముడు వెనక్కి పరిగెత్తి ఆయన్ని చంకలు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఆయన చెప్పు కరిగి అరికాలికి అంటుకుపోయింది. ప్రాణాలకు ముప్పు రాలేదు. అంతవరకు అదృష్టం.

ఫైరింజన్ వచ్చి నీళ్లు కొట్టాక ఇన్నేళ్ల నిప్పు ఒక్క పూటలో చచ్చిపోయింది. షెడ్డు కప్పు సగం కూలింది. గాజు నేల మీద ఆకుపచ్చగా గడ్డకట్టుకుపోయింది. స్టేషన్ అనుకున్న రోజుకే తెరిచారు, ఇంకెక్కడి నుంచో తెప్పించిన దీపాలతో.

తమ్ముడు ఆ తర్వాత చాలా రోజులు అందరితోపాటు శిథిలాలు ఎత్తాడు. పెద్దక్క ఒక మాట కోసం కాచుకుని ఉంది. నేను చెప్పానా లేదా అని వాడు అంటాడు, అంటే తను తల వంచుకుంటుంది, అక్కడితో ఆ ముల్లు బయటికి వచ్చేస్తుంది అనుకుంది. వాడు అనలేదు. ఒక సాయంత్రం భార్యనీ కూతుర్నీ వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. వేరే ఊళ్లో సీసాల ఫ్యాక్టరీలో పని కుదిరింది, ఎల్లుండి వెళ్తున్నాం అన్నాడు. కోపమా అని అడిగింది పెద్దక్క.

"కోపం కాదక్కా. ఇక్కడుంటే నిన్ను చూసినప్పుడల్లా ఆ మాట నోటిదాకా వస్తోంది. ఎప్పుడో ఒకప్పుడు అనేస్తాను. అనకుండా ఉండాలంటే దూరంగా ఉండాలి."

మరదలు కళ్లు తుడుచుకుంది. మేనకోడలు అత్తనీ నాన్ననీ మార్చి మార్చి చూసింది. వాళ్లు వెళ్లిపోయారు.

అప్పటినుంచి ఒక వింత మొదలైంది. బట్టీ లేదు, పని లేదు, అయినా పొద్దున్నే అందరూ షెడ్డుకి వచ్చేవాళ్లు. ఇన్నేళ్ల అలవాటు కాళ్లను అటే లాక్కొచ్చేది. విరిగిన ఇటుకలు ఒక మూల పేర్చేవాళ్లు, మర్నాడు ఇంకో మూలకి మార్చేవాళ్లు. టీ కాచుకునేవాళ్లు. మరి ఎప్పుడు మొదలుపెడదాం పెద్దక్కా అని ఎవరైనా కదిపితే, తమ్ముణ్ని రానీ అనేది ఆమె. బట్టీ ఎంత పెద్దది కట్టాలన్నా, ఇటుకలు ఎక్కడ తేవాలన్నా, ఎవరు ఊదాలన్నా, అన్నిటికీ అదే జవాబు. వాడి గొట్టాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి కొక్కేనికి వేలాడదీసింది. దుమ్ము దులపడానికి కూడా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి లేచి కూజా నిండా నీళ్లు పట్టి బల్ల మీద పెట్టేది. సాయంత్రం ఆ నీళ్లు గుమ్మం పక్క మొక్కలకు పోసేది. ఆ మొక్కలు మాత్రం ఏపుగా పెరిగాయి.

పనివాళ్లలో కొందరు చెప్పి వెళ్లిపోయారు, కొందరు చెప్పకుండా మానేశారు. మిగిలినవాళ్లలో ముఖ్యుడు పుర్రచెయ్యి. ఎడమ చేత్తో గొట్టం తిప్పుతాడు కాబట్టి అతనికా పేరు. తమ్ముడి పక్కన రెండో ఊదుడు అతనిదే. కాలిన అరికాలు మానాక గొణుగుడు బాబాయి, అంటే ఆ నిప్పు చూసే ముసలాయన, కుంటుకుంటూ తిరిగి వచ్చాడు. ఎండ కాస్తే ఎండ మీద, వాన పడితే వాన మీద, రెండూ లేకపోతే అవి లేనందుకు గొణిగే మనిషి ఆయన. ఆయన గొణుగుడే ఇప్పుడు షెడ్డులో వినిపించే ఏకైక మోత.

ఒకరోజు టీ తాగుతున్నప్పుడు గడ్డి పిన్ని గ్లాసు కింద పెట్టి, ఎవరి వంకా చూడకుండా అంది.

"మేమంతా నీ కోసం కూర్చున్నాం. నువ్వేమో వాడి కోసం కూర్చున్నావు. ముందు ఎవరు లేవాలమ్మా?"

గొణుగుడు బాబాయి కూడా గొణగలేదు. పెద్దక్క మర్నాడు బస్సెక్కింది.

దారి పొడవునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది. తప్పు నాదేరా, నిప్పు విషయంలో ఇక నీ మాటే మాట, ఇంటికి రా అని మొదలుపెడదామనుకుంది. బస్సు దిగేసరికి ఆ మాటలన్నీ ఒక వరసలో పెట్టుకుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగితే లోపలికి పంపించారు. పెద్ద హాల్లో ఎవరూ ఊదడం లేదు. ఒక పొడవాటి మిషన్ ఒకే కొలత సీసాల్ని గబగబా బయటికి తోస్తోంది. అవి బెల్టు మీద బడిపిల్లల్లా వరసకట్టి పోతున్నాయి. ఆ వరస పక్కన అద్దాల గదిలో తమ్ముడు కూర్చుని, పగుళ్లున్నవాటిని ఏరి పక్కన పెడుతున్నాడు. చొక్కా నలగలేదు. మొహం కందలేదు. అక్కను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆ నిలబడటంలో చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దొరికిపోయినప్పటి తడబాటు కనిపించింది ఆమెకు.

ఇంటికి తీసుకెళ్లాడు. రెండు గదుల ఇల్లు, ధారాళంగా వెలుతురు. మరదలు, ఏంటి వదినా, ఇలా చిక్కిపోయావేంటి అంటూ దగ్గరికి తీసుకుంది. తనకూ పక్క వీధిలో కుట్టుపని దొరికిందని, ఈయన రోజూ వేళకు ఇంటికొచ్చి వేళకు పడుకుంటున్నాడని, బట్టీ దగ్గర పట్టుకున్న దగ్గు తగ్గిందని చెప్పింది. పెళ్లయ్యాక ఇన్నాళ్లకు మొగుడి మొహం పగటిపూట చూస్తున్నాను అని నవ్వింది. మేనకోడలు అత్తకు కొత్త బడి గురించి, కొత్త స్నేహితురాలి గురించి చెబుతూనే ఉంది. పెద్దక్క వింటూ కూర్చుంది. వరసలో పెట్టుకున్న మాటలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్లిపోవడం ఆమెకు తెలుస్తూనే ఉంది.

భోజనాలయ్యాక ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చున్నారు. తమ్ముడు ఒక్కొక్కళ్ల గురించీ అడిగాడు. బాబాయి కాలు ఎలా ఉంది, పుర్రచెయ్యి భుజం నొప్పి తగ్గిందా, గడ్డి పిన్ని మనవరాలు నడుస్తోందా అని. ఆమె అన్నీ చెప్పింది. కాసేపటికి అడిగింది, నా చోట నువ్వుంటే ఏం చేసేవాడివిరా అని.

"ఆపేవాణ్ని," అన్నాడు తమ్ముడు వెంటనే. తర్వాత చేతులు చూసుకుంటూ మళ్లీ అన్నాడు. "అసలు నా చేతిలో ఉంటే ఆ స్టేషన్ పనే ఒప్పుకునేవాణ్ని కాదు. ఏ పనీ ఒప్పుకునేవాణ్ని కాదేమో. నిప్పు ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటుందక్కా. దాని మాటే వింటూ కూర్చుంటే అందరం ఎప్పుడో పస్తులుండేవాళ్లం. నాన్నకి అది తెలుసు."

ఆమెకు చెప్పడానికి ఏదో ఉన్నట్టే అనిపించింది గాని అది ఏడుపై వచ్చేలా ఉంది.

సాయంత్రం బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. జనం ఎక్కుతున్నారు. ఇప్పుడు అడగకపోతే ఇక అడగలేను అనుకుని ఆమె నోరు తెరవబోయింది. వాడే ముందు మాట్లాడాడు, ఎటో చూస్తూ.

"నువ్వు పిలిస్తే వచ్చేస్తానక్కా. అందుకే అడుగుతున్నాను. పిలవకు."

పెద్దక్క తలూపింది. కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా వాడి చెయ్యి పట్టుకునే ఉంది. కదిలాక వదిలేసింది. వాడు పిలిస్తే వస్తాడు. ఇన్ని నెలలూ తను కోరుకున్నది ఆ ఒక్క మాటే. అది చేతికి అందింది. ఇప్పుడు దాన్ని వాడకూడదు. దారి పొడవునా ఆమె కళ్లు తుడుచుకోలేదు. పక్క సీటులో కూర్చున్న పెద్దావిడ అడగకుండానే తన రుమాలు ఇచ్చింది.

మర్నాడు షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టింది. వాడు రాడు, నేను పిలవను, ఇక ఆ మాట ఎత్తొద్దు అని మొదలుపెట్టింది. ఆ రోజు ఆపాల్సింది నేను, ఆపలేదు, మీ పొట్ట మీద కొట్టింది నేనే అంది. మళ్లీ ఎలా కట్టాలో నాకు పూర్తిగా తెలియదు, మీకు తెలిసిన ముక్క మీరు చెబితే నాకు తెలిసిన ముక్క నేను కలుపుతాను అంది. ఇసుక కలిపే అతను లేచి, పెద్దఊపిరి లేని చోట నాకేం పని అని వెళ్లిపోయాడు. ఆమె ఆపలేదు. ఇంకెవరు లేస్తారో అని చూస్తుంటే గొణుగుడు బాబాయి లేచాడు. కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది, ఇటుకలైనా మోద్దాం అని గొణుక్కుంటూ మూలనున్న గుట్ట వైపు నడిచాడు. మిగిలినవాళ్లు ఆయన వెనకాల కదిలారు.

పాతదానిలో సగం బట్టీ కట్టారు. పనికొచ్చే ఇటుకలు ఏరుకున్నారు, కావలసినవి తెచ్చుకున్నారు. గోడ లేస్తుండగా పెద్దక్క ఒక నియమం పెట్టింది. ఏ పూట ఎవరు నిప్పు చూస్తుంటే ఆ పూట బట్టీ వాళ్లది. ఆపమంటే ఆపాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు, తనతో సహా. అందరూ సరేనన్నారు. ఆ నియమం విలువ ఎంతో అప్పటికి ఎవరికీ తెలియదు.

ఊదేవాళ్ల విషయం వచ్చినప్పుడు ఆమె వెళ్లి కొక్కేనికి ఉన్న గొట్టం దించింది. చుట్టిన గుడ్డ విప్పి పుర్రచెయ్యికి ఇచ్చింది. అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అది ఆయనది పెద్దక్కా, నేను పట్టుకుంటే నవ్వుతారు అన్నాడు. నవ్వితే నవ్వనీ, తుప్పు పట్టడం కంటే మేలు అంది ఆమె. అతను తీసుకున్నాక ఆమె బయటికి వెళ్లి, ఆ ఏపుగా పెరిగిన మొక్కల దగ్గర కాసేపు నిలబడి వచ్చింది.

మొదటిసారి కరిగించిన గాజు బుడగలమయం అయింది. దాంతో ఊదిన జాడీలకు దద్దుర్లు లేచినట్టున్నాయి. అన్నీ పగలగొట్టి మళ్లీ కరిగించారు. రెండోసారి రంగు తేలింది గాని జాడీల గోడలు ఒకవైపు పల్చబడ్డాయి. పుర్రచెయ్యి గొట్టం విసిరేసి, నావల్ల కాదన్నాను కదా అని తల పట్టుకుని కూర్చున్నాడు. పాత పెద్దక్క అయితే ధైర్యం చెబుతూ పెద్ద ఉపన్యాసం ఇచ్చేది. ఇప్పుడు వెళ్లి అతని పక్కన బల్ల మీద కూర్చుంది. కూజాలో నీళ్లిచ్చింది. అతను తాగాడు. కాసేపటికి అతనే లేచి గొట్టం తీసుకున్నాడు. వర్షాలు తగ్గేసరికి మంచి జాడీలు, లాంతరు చిమ్నీలు బయటికి పోవడం మొదలైంది. స్టేషన్ బుడ్లంత పెద్దవి కావు. అంత పెద్దవి మళ్లీ ఆ షెడ్డులో ఎవరూ ఊదలేదు. పక్క మేడ మీది టైలరు మళ్లీ ఫిర్యాదు చేయడానికి వచ్చాడు. అతనికి టీ ఇచ్చి పంపారు.

రెండో ఏడాది ఒక పెద్ద బడి వాళ్లు ప్రయోగశాలకు కావలసిన గాజు సామాను చేయమన్నారు. పని చురుగ్గా సాగుతోంది. అప్పగించే రోజు దగ్గరపడింది. ఒక పొద్దున గొణుగుడు బాబాయి బట్టీ ముందు నిలబడి, చెవి గోడవైపు పెట్టి, మోత నాకు నచ్చడం లేదు, ఆపండి అన్నాడు. అందరూ మొహాలు చూసుకున్నారు. ఆయనకు నచ్చింది ఏముంది గనక. పెద్దక్క కూడా చెవి పెట్టి వింది. రోజూ వినే హోరే వినిపించింది. పుర్రచెయ్యి ఆమె వైపు చూశాడు. ఇంకో పది రోజులు ఓపిక పడితే పని అయిపోతుందన్నట్టు ఉంది ఆ చూపు.

ఈ ఒక్కటీ అయిపోనీ. ఆ మాట ఆమె నాలుక మీదికి వచ్చింది, అచ్చం అప్పుడు వచ్చినట్టే. ఎందుకు బాబాయ్ అని అడగాలని ఎంత అనిపించిందంటే, అడగకుండా ఉండటానికి పళ్లు బిగించాల్సి వచ్చింది.

"ఆపండి," అంది.

బడి వాళ్ల దగ్గరికి ఎవర్నీ పంపలేదు, తనే వెళ్లింది. హెడ్మాస్టరు అనవలసినవన్నీ అన్నాడు. ఆమె అన్నీ విని, ఆలస్యమవుతుంది, కాని వస్తాయి అని చెప్పి వచ్చింది. బట్టీ చల్లారాక లోపల చూస్తే పైకమానులో ఒకచోట ఇటుక కాస్త అరిగి ఉంది. అది ఇంకో నెల ఆగేదో, ఇంకో ఏడాది ఆగేదో ఎవరూ చెప్పలేకపోయారు. గొణుగుడు బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. గొణిగి గొణిగి చివరికి అనవసరంగా ఆపించానేమో పెద్దక్కా అన్నాడు.

"రేపు మళ్లీ అలాగే అనిపిస్తే మళ్లీ చెప్పు బాబాయ్."

ఆయన ఆ పూటంతా దేని మీదా గొణగలేదు. గడ్డి పిన్ని కంగారుపడి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది.

మేస్త్రీ వచ్చి అరిగిన చోట ఇటుకలు తీసి కొత్తవి పెట్టాడు. మట్టి నిదానంగా ఆరాలి, తొందరపడి వేడి పెడితే పగుళ్లిస్తుంది, అందాకా ఎవరూ దాని జోలికి పోవద్దన్నాడు. షెడ్డు మళ్లీ నిశ్శబ్దమైంది. పనివాళ్లు ఈసారి పొద్దున్నే వచ్చి కూర్చోలేదు. కొందరు చుట్టాల ఇళ్లకు వెళ్లారు, పుర్రచెయ్యి భుజానికి మాలిష్ చేయించుకోవడానికి వెళ్లాడు. పెద్దక్క ఒక పూట ఖాళీ షెడ్డులో ఒంటరిగా తిరిగింది. ఇంతకుముందు ఈ నిశ్శబ్దంలో ఆమెకు ఊపిరాడేది కాదు. ఇప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు, ఎప్పటిలాగే, బల్ల పక్కన నీళ్లు తాగుతూ. ఏ తేడా లేకుండా గుర్తొచ్చాడు, కాని ఈసారి ఊపిరాడింది. ఇంటికెళ్లి సంచిలో రెండు చీరలు సర్దుకుంది.

తలుపు తీసింది తమ్ముడే. సెలవురోజు కాబోలు, చేతిలో సగం ఒలిచిన కమలాపండు ఉంది. అక్కనీ, ఆమె చేతిలో సంచినీ చూసేసరికి వాడి మొహం పాలిపోయింది.

"బట్టీ ఆగిపోయిందా అక్కా?"

"ఆగలేదురా. ఆపాం."

వాడికి అర్థం కావడానికి క్షణం పట్టింది. తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరు ఆపమన్నారు అని అడిగాడు. గొణుగుడు బాబాయి అని చెప్పింది. తమ్ముడు ముందు నమ్మలేదు. తర్వాత నవ్వు మొదలైంది. గడపలోనే కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఏమైందోనని మరదలు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. బాబాయి ఆపమంటే ఆపిందట మా అక్క అని వాడు ఆమెకు చెప్పబోయి, సగంలో ఆగి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు ఇంకా కదులుతున్నాయి. అది నవ్వేనో కాదో అటు తిరిగాక తెలియలేదు. పెద్దక్క గడప మీద వాడి పక్కనే కూర్చుంది.

మోత ఎలా ఉంది, ఏ వైపు ఇటుక పోయింది, మట్టి ఎవరు కలిపారు, పుర్రచెయ్యి ఊదేటప్పుడు ఇంకా భుజం ఎత్తుతున్నాడా అని వాడు అడుగుతూ పోయాడు. తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియదంది. లోపల కూర్చుని మాట్లాడుకోవచ్చుగా అంది మరదలు. ఇద్దరూ లేవలేదు. చివరికి తమ్ముడు కమలాపండులో సగం అక్క చేతిలో పెట్టి, మళ్లీ సాయంత్రం బస్సుకే వెళ్లిపోతావా అని అడిగాడు.

"లేదు. మట్టి ఆరేదాకా ఉంటాను," అంది.

తమ్ముడు సంచి అందుకుని లోపలికి నడిచాడు.